తప్పు కాచే పది క్లబ్బులు: నలభై వేల బ్యాగు ప్రాజెక్టు డైరీ

పని ఏమిటి

హైదరాబాద్‌లో కొత్తగా గోల్ఫ్ మొదలుపెట్టిన ఒకరికి సెకండ్ హ్యాండ్‌లో బ్యాగు కట్టాలి. మొత్తం 40,000 రూపాయలు దాటకూడదు. ఆటగాడి ఎత్తు 170 సెంటీమీటర్లు, కుడిచేతి వాటం. బంతి క్లబ్బు ముఖం మధ్యలో కాకుండా కింది అంచు దగ్గరో టో (క్లబ్బు బయటి కొస) వైపో తగులుతుంది, ఆపైన కుడికి వంకర తిరిగిపోతుంది. కొత్తవాళ్లలో ఎక్కువమందిది ఇదే జబ్బు. కాబట్టి ఈ లెక్కలు చాలావరకు ఇంకెవరికైనా పనికొస్తాయి.

రూల్స్ ప్రకారం బ్యాగులో 14 క్లబ్బుల వరకు పెట్టుకోవచ్చు. పెట్టుకోవచ్చు అన్నారే గానీ పెట్టి తీరాలని ఎవరూ అనలేదు. మొదటి ఏడాది 5 ఐరన్‌తో (ఐరన్ అంటే మధ్య దూరాలకు వాడే క్లబ్బు, నంబరు పెరిగేకొద్దీ దూరం తగ్గుతుంది) కొట్టినా 6 ఐరన్‌తో కొట్టినా బంతి దాదాపు ఒకేచోట పడుతుంది. అందుకని పదితో సరిపెట్టాం: 5 వుడ్ (ఎక్కువ దూరానికి), 5 హైబ్రిడ్ (వుడ్‌కూ ఐరన్‌కూ మధ్యరకం), 6 నుంచి 9 వరకు ఐరన్లు, దగ్గరి దెబ్బలకు పిచింగ్ వెడ్జ్, గ్యాప్ వెడ్జ్, సాండ్ వెడ్జ్, బంతిని హోల్‌లోకి దొర్లించడానికి పట్టర్. అన్నిటికంటే దూరం కొట్టే డ్రైవర్ లేదు. దాని సంగతి చివర్లో.

డబ్బు పంపకం ఇలా: ఐరన్లకు (రెండు వెడ్జ్‌లు కలిపి) 18,000, వుడ్, హైబ్రిడ్‌లకు 8,000, సాండ్ వెడ్జ్‌కు 3,000, పట్టర్‌కు 3,000, గ్రిప్పులు (చేత్తో పట్టుకునే రబ్బరు తొడుగులు), టేపు, చిన్న రిపేర్లకు 5,000, బ్యాగుకు 3,000. ఇవి పై హద్దులు. గ్రిప్పుల పద్దు ముందే పక్కన పెట్టకపోతే ఆఖర్న మిగిలేది సున్నా. అరిగి నునుపెక్కిన గ్రిప్పుతో ఎంత మంచి హెడ్ (బంతిని కొట్టే భాగం) అయినా చేతిలో తిరిగిపోతుంది.

హెడ్‌లో ఏం చూశాం

"గేమ్ ఇంప్రూవ్‌మెంట్" (కొత్తవాళ్లకు ఆట సులువు చేసే రకం) అని పెట్టె మీద రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు. కంటికి కనబడేవి నాలుగు ఉన్నాయి. వెనక భాగం తవ్వినట్టు లోతుగా ఉందా (కేవిటీ బ్యాక్), సోల్ (నేలకు ఆనే అడుగు) వెడల్పు ఎంత, ముఖం షాఫ్టు (క్లబ్బు కర్ర) గీత కంటే ఎంత వెనక్కి జరిగి ఉంది (ఆఫ్‌సెట్), టాప్ లైన్ (హెడ్ పై అంచు) ఎంత మందం.

వెనక తవ్విన లోహం బరువును అంచులకు, ముఖ్యంగా హీల్ (షాఫ్టు వైపు), టో కొసలకు పంపితే హెడ్ మెలితిరగడం కష్టమవుతుంది. కావడి భుజాన ఉన్నవాడు గిర్రున తిరగలేనట్టే. టో మీద తగిలిన బంతి కూడా దూరం, దిశ మరీ కోల్పోకుండా పోతుంది, తప్పు కాచడం అంటే ఇదే. ఈ ఆలోచనను మామూలు ఆటగాడి దాకా తెచ్చినవాళ్లలో పింగ్ అనే క్లబ్బుల కంపెనీ స్థాపకుడు కార్స్టన్ సోల్‌హైమ్ ముందుంటాడు. 1959లో పట్టర్‌తో మొదలుపెట్టాడు. 1982 నాటి పింగ్ ఐ2 ఐరన్లు ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతున్నాయి. ఐ2 దొరికితే తీసిపారేయకండి. లాఫ్టులు (ముఖం వెనక్కి వాలిన కోణాలు) పాతకాలం నాటివి, ఎక్కువ కాబట్టి 7 ఐరన్ కొంచెం తక్కువ దూరం పోతుంది, అంతే.

ఆఫ్‌సెట్ వల్ల ముఖం బంతిని చేరేసరికి మూసుకోవడానికి (ఎడమకు తిరగడానికి) కాస్త వ్యవధి దొరుకుతుంది, కుడికి తిరిగే బంతికి అది మందు. టాప్ లైన్ మందంగా ఉంటే చూడటానికి మొరటుగా ఉంటుంది, ఆటకు నష్టం లేదు.

సోల్ వెడల్పు దగ్గర మాత్రం మన నేలను లెక్కలోకి తీసుకోవాలి. వెడల్పు సోల్ మెత్తటి గడ్డిలో దిగబడకుండా జారుతుంది. వర్షాకాలంలో అది వరం. ఏప్రిల్, మే నెలల్లో దక్కన్ నేల గట్టిపడి, గడ్డి పలచబడినప్పుడు అదే సోల్ నేల మీద తగిలి ఎగిరి, కింది అంచు బంతి నడుముకు తగులుతుంది. బంతి గాల్లోకి లేవకుండా నేలబారున దూసుకుపోతుంది. అందుకే మరీ వెడల్పైన, హైబ్రిడ్ ఆకారపు "సూపర్ గేమ్ ఇంప్రూవ్‌మెంట్" ఐరన్లు పక్కన పెట్టి, మధ్యరకం సోల్ ఉన్నవి వెతికాం. ఏడాది పొడవునా పచ్చగా ఉండే కోర్సులో ఆడేవాళ్లయితే ఆ వెడల్పువి నిశ్చింతగా తీసుకోవచ్చు.

ఐరన్లు వచ్చాయి, తనిఖీ

పదేళ్లకు పైబడ్డ కేవిటీ బ్యాక్ సెట్టు, 6 నుంచి గ్యాప్ వెడ్జ్ వరకు ఆరు క్లబ్బులు. అమ్మేవాళ్ల ఫొటోల్లో ముఖాలే కనబడతాయి, జబ్బులన్నీ మెడ దగ్గరా గ్రిప్పు కిందా ఉంటాయి. డబ్బు ఇచ్చే ముందు చూసిన వరుస ఇది:

ఒక చేత్తో హెడ్, ఇంకో చేత్తో గ్రిప్పు పట్టుకుని బట్ట పిండినట్టు మెలిపెట్టాలి. కిర్రుమన్నా, వెంట్రుకంత కదిలినా లోపల ఎపాక్సీ (హెడ్‌ను షాఫ్టుకు అంటించే జిగురు) విడిపోయిందని అర్థం. అలాంటి హెడ్ ఆటలో ఊడి ఎగురుతుంది, పక్కనున్నవాళ్లకు ప్రమాదం. తర్వాత ఫెర్రూల్ చూడాలి. హెడ్‌కూ షాఫ్టుకూ మధ్య ఉండే ఆ నల్ల ప్లాస్టిక్ ఉంగరం పైకి జరిగి సందు కనబడితే ఎపాక్సీ మీద అనుమానం పెట్టుకోవాలి. అయితే ఫెర్రూల్ ఒక్కటే జరిగి హెడ్ గట్టిగా ఉన్న సందర్భాలూ ఉంటాయి. మెలి పరీక్ష నెగ్గితే ఫెర్రూల్‌ను కిందికి నొక్కి చుక్క జిగురు వేస్తే చాలు.

స్టీల్ షాఫ్టును బల్ల అంచున పెట్టి, హెడ్ బయటికి వేలాడేలా దొర్లిస్తే వంకర తెలిసిపోతుంది. షాఫ్టు మెట్లు (కిందికి పోయేకొద్దీ సన్నబడే చోట ఉంగరాల్లాంటి గుర్తులు) సెట్టు మొత్తంలో ఒకే వరసలో దిగుతున్నాయో చూడాలి. ఒక్క క్లబ్బు మెట్లు మిగతావాటితో కలవకపోతే ఆ షాఫ్టు ఎప్పుడో మార్చారు. గ్రిప్పు కొసన చిన్న రంధ్రం ఉంటుంది, నీళ్లు అందులోంచి లోపలికి పోయి షాఫ్టును లోపల్నుంచి తింటాయి. విశాఖలాంటి తీరప్రాంతం నుంచి వచ్చిన క్లబ్బులైతే బట్ కొసను (గ్రిప్పు వైపు పై కొస) టార్చి వేసి మరీ చూడాలి. పైన మెరుపు ఉన్నా లోపల తుప్పు గుంటలు పడితే అది ఏదో ఒక రోజు మధ్యలో విరుగుతుంది.

మా సెట్టులో తుప్పు లేదు, మెలి పరీక్షలో అన్నీ నెగ్గాయి. షాఫ్టులు రెగ్యులర్ ఫ్లెక్స్ (మధ్యరకంగా వంగేవి), తేలికరకం స్టీల్, వంద గ్రాముల చుట్టుపక్కల. ఇది ముఖ్యం. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికే మంచి సెట్లు చాలావాటికి డైనమిక్ గోల్డ్ ఎస్300 షాఫ్టులు ఉంటాయి. అవి ఒక్కోటి 130 గ్రాముల దరిదాపు బరువు, బలంగా ఊపేవాళ్లకు చేసినవి. హెడ్ ఎంత తప్పు కాచేదైనా ఆ షాఫ్టుతో కొత్తవాడికి బంతి లేవదు, తొమ్మిదో హోల్ కల్లా భుజాలు దిగిపోతాయి. షాఫ్టు మీద రాసిన ఆర్ (రెగ్యులర్), ఎస్ (స్టిఫ్, అంటే గట్టిది) అక్షరాలకు అన్ని కంపెనీలకూ కలిపి ఒకే కొలమానం లేదు. ఒకరి రెగ్యులర్ ఇంకొకరి స్టిఫ్ అంత గట్టిగా ఉండొచ్చు. బరువు అలా మోసం చేయదు, అందుకని బరువునే నమ్మాం.

పేరున్న బ్రాండు, కొత్తది, సగం ధర అంటే నకిలీ అయ్యుండే అవకాశం ఎక్కువ. చాలా బ్రాండ్లకు హోసెల్ (షాఫ్టు దూరే హెడ్ మెడ) మీద సీరియల్ నంబరు చెక్కి ఉంటుంది, స్టిక్కర్ కాదు. టైటానియం వుడ్ అని అమ్మితే ముఖం మీద అయస్కాంతం ఆనించండి. అంటుకుంటే అది టైటానియం కాదు. (సోల్ మీది బరువు స్క్రూకు అంటుకోవచ్చు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. 5 వుడ్ లాంటి ఫెయిర్‌వే వుడ్లలో చాలావాటి ముఖం అసలే స్టీలు, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.)

లాఫ్టులు కొలిచాం, 8 దగ్గర తేడా

లాఫ్ట్-లై మెషీన్ (క్లబ్బు కోణాలు కొలిచి, వంచేది) మీద వచ్చిన కొలతలు: 6 ఐరన్ 27 డిగ్రీలు, 7 ఐరన్ 31, 8 ఐరన్ 37, 9 ఐరన్ 40, పిచింగ్ వెడ్జ్ 44.5, గ్యాప్ వెడ్జ్ 50.

7 నుంచి 8కి ఆరు డిగ్రీలు, 8 నుంచి 9కి మూడే. అంటే 8, 9 దాదాపు ఒకే దూరం పోతాయి, 7కీ 8కీ మధ్య పెద్ద గొయ్యి. కొత్తవాడు దీన్ని తన స్వింగ్ లోపమనుకుని నెలల తరబడి తికమక పడతాడు. 8 ఐరన్‌ను 35.5కి వంచాం. హెడ్ పోత పోసిన గట్టి స్టెయిన్‌లెస్ స్టీలు, రెండు డిగ్రీలకు మించి వంచితే మెడ దగ్గర పగులు రావచ్చు. ఒకటిన్నర దగ్గర ఆపడానికి అదే కారణం. కార్బన్ స్టీల్ ఫోర్జ్‌డ్ (సాగగొట్టి చేసిన) హెడ్లకు ఇంత భయం అక్కర్లేదు. లాఫ్టు ఎంత తగ్గిస్తే బౌన్సూ (సోల్ నేలలో దిగబడకుండా ఆపే కోణం) అంతే తగ్గుతుందని గుర్తుంచుకోవాలి. వెడ్జ్‌ల విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

మెషీన్ అందుబాటులో లేకపోతే షాఫ్టును నిలువుగా నిలబెట్టి, ముఖానికి ఫోన్ ఆనించి లెవెల్ యాప్‌లో చూడొచ్చు. ఒక డిగ్రీ అటూ ఇటూ తేడా వస్తుంది, కానీ ఇలాంటి గొయ్యిని పట్టడానికి అది చాలు.

ఇక్కడే ఇంకో మాట. పాత సెట్లలో పిచింగ్ వెడ్జ్ 46 నుంచి 48 డిగ్రీలు ఉండేది, ఇప్పటి తప్పు కాచే సెట్లలో 43, 44కి దిగింది. దాని పక్కన 56 సాండ్ వెడ్జ్ పెడితే మధ్యలో పన్నెండు డిగ్రీలు ఖాళీ. సెట్టుతో పాటు వచ్చే గ్యాప్ వెడ్జ్ (కంపెనీని బట్టి ఎ, జి, యు అని ముద్ర ఉంటుంది) కలిపి అమ్మేవాళ్ల దగ్గరే కొనాలని పట్టుబట్టింది అందుకే. విడిగా వెతికితే అదే మోడల్ దొరకడం గగనం.

లై పరీక్ష

లై అంటే క్లబ్బును నేలకు ఆనించినప్పుడు షాఫ్టు నేలతో చేసే కోణం. బంతి మీద వైట్‌బోర్డు మార్కర్‌తో మందంగా నిలువు గీత గీసి, గీత ముఖం వైపు వచ్చేలా పెట్టి కొట్టాలి. గీత ముద్ర ముఖం మీద పడుతుంది. నిటారుగా ఉంటే లై సరిపోయింది. పై కొస టో వైపు వాలితే క్లబ్బు ఎక్కువ అప్‌రైట్ (షాఫ్టు నిటారు), హీల్ వైపు వాలితే ఎక్కువ ఫ్లాట్ (షాఫ్టు వాలు). ఒక్క దెబ్బను నమ్మకుండా పది కొట్టి, ప్రతిసారీ ముఖం తుడిచి చూడాలి. ఆటగాడు చేతులు వదిలేసి నిలబడితే మణికట్టు ముడత నుంచి నేల దాకా 34.5 అంగుళాలు వచ్చింది. స్టాండర్డ్ పొడవు చాలు. పొట్టివాళ్లకు పొట్టి క్లబ్బులు కావాలనుకుని షాఫ్టులు కోయించేవాళ్లు ముందు ఈ కొలత తీసుకోవాలి. ఎత్తు తక్కువున్నా చేతులు కూడా పొట్టిగా ఉంటే మణికట్టు కొలత స్టాండర్డ్‌లోనే పడుతుంది.

7 ఐరన్ మీద గీత కొద్దిగా టో వైపు వాలింది. వంచలేదు. అప్‌రైట్ క్లబ్బు బంతిని ఎడమకు పంపుతుంది, ఈ ఆటగాడి బంతి కుడికి పోతోంది. స్వింగ్ కుదురుకున్నాక మళ్లీ చూస్తే చాలు. లాఫ్టు ఎక్కువ ఉన్న క్లబ్బుల్లో లై తేడా దిశను ఎక్కువ పాడుచేస్తుంది కాబట్టి, మళ్లీ పరీక్షించేటప్పుడు 9 ఐరన్, వెడ్జ్‌ల నుంచే మొదలుపెట్టాలి.

రేంజ్ (ప్రాక్టీసు మైదానం) మ్యాట్ మీద పరీక్షలకు ఒక హద్దు ఉంది. బంతికి ముందు నేలను కొట్టినా మ్యాట్ మీద సోల్ జారి బంతికి బాగానే తగులుతుంది, తప్పంతా దాగిపోతుంది. సోల్ నప్పుతుందో లేదో గడ్డి మీదే తెలుస్తుంది. లై, తగిలే చోటు చూడటానికి మ్యాట్ చాలు.

గ్రిప్పులు

పదింటిలో రెండు గ్రిప్పులు గోరువెచ్చటి నీళ్లు, గిన్నెల సబ్బుతో బ్రష్ చేస్తే బాగుపడ్డాయి. మిగతా ఎనిమిదీ గాజులా గట్టిపడ్డాయి, మార్చాం.

సైజు: గ్లవ్ మీడియం కాబట్టి స్టాండర్డ్. ఎడమచేత్తో పట్టుకుంటే నడిమి వేళ్ల కొసలు అరచేతి కండను తాకీ తాకనట్టు ఉండాలి. గుచ్చుకుంటే సన్నం, సందు ఉంటే లావు. కొంచెం లావు కావాలంటే గ్రిప్పు కింద మాస్కింగ్ టేపు అదనపు చుట్టు వేయొచ్చు, ఒక్కో పొరకు సుమారు 1/64 అంగుళం పెరుగుతుంది. కొనేటప్పుడు గ్రిప్పు కోర్ (58 లేదా 60 అని రాసి ఉంటుంది) షాఫ్టు బట్ వ్యాసంతో కలిసిందో చూడాలి. 0.600 అంగుళాల షాఫ్టు మీద 58 కోర్ సాగదీసి ఎక్కిస్తే లావవుతుంది.

పాత గ్రిప్పును హుక్ బ్లేడుతో ఒంటికి దూరంగా కోయాలి. గ్రాఫైట్ షాఫ్టయితే మామూలు కత్తి మొన తగలనే కూడదు, దాని గీత పడ్డచోటే షాఫ్టు విరుగుతుంది. పాత టేపును హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి ఒలిచి, జిగురు మొత్తం తుడిచేయాలి. మిగిలిన పేలికలు కొత్త గ్రిప్పు కింద బొడిపెలై చేతికి తగులుతాయి. రెండువైపులా జిగురుండే గ్రిప్ టేపు గ్రిప్పు పొడవంతా వేసి, బట్ దగ్గర అర అంగుళం వదిలి దాన్ని మెలితిప్పి షాఫ్టు లోపలికి దూర్చాలి.

ద్రావకం పెయింటు షాపుల్లో దొరికే మినరల్ టర్పెంటైన్. పెట్రోల్ వద్దు, ఇంట్లో నిప్పుతో చెలగాటం. ఎన్‌సీ థిన్నర్ రబ్బరునీ షాఫ్టు రంగునీ తింటుంది. కిరోసిన్ జిడ్డు వదిలిపెడుతుంది, గ్రిప్పు రోజుల తరబడి తిరుగుతూ ఉంటుంది. గ్రిప్పు కొస రంధ్రాన్ని టీతో (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) మూసి, లోపల టర్పెంటైన్ పోసి, నోరు మూసి ఊపి, ఆ పోసిందే టేపు మీద పారించాలి. టేపు పొడిగా ఉన్న చోటే గ్రిప్పు ఇరుక్కుంటుంది. ఎక్కించడం మొదలుపెట్టాక ఆగకూడదు, ఒక్క ఊపున కొసదాకా తోయాలి. సగంలో ఇరుక్కుంటే బలవంతం చేయకుండా వెంటనే వెనక్కి లాగి, మళ్లీ తడిపి ఎక్కించాలి. నిమిషం దాటితే ఇక కోయడమే.

ఎక్కగానే క్లబ్బును నేల మీద పెట్టి గ్రిప్పు గుర్తును ముఖానికి సూటిగా తిప్పుకోవాలి. రాత్రంతా ఆరనిస్తే మంచిది. కొత్త గ్రిప్పు పాతదానికంటే ఐదు గ్రాములు బరువైతే స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు హెడ్ ఎంత బరువనిపిస్తుందో చెప్పే కొలత) ఒక పాయింటు తగ్గుతుంది. ఒకటీ అరా తేడా కొత్తవాళ్లకు తెలియదు గానీ, సెట్టులో సగానికి ఒక రకం, సగానికి ఇంకో రకం వేయొద్దు.

మిగతావి

5 హైబ్రిడ్ 24 డిగ్రీలు, 5 వుడ్ 18 డిగ్రీలు, రెండూ గ్రాఫైట్ రెగ్యులర్. వుడ్లను చెవి దగ్గర ఊపి చూడాలి. గలగలమంటే లోపల ఎండిన జిగురు ముక్క రాలింది, ఆటకు అడ్డం కాదు గానీ ధర తగ్గించమని అడగొచ్చు. పైన సున్నం గీతల్లా ఉన్న మచ్చలు కంటికే లోపం. ముఖం మీద స్కేలు అంచు నిలబెట్టి చూసి లోపలికి గుంట పడినట్టు కనిపిస్తే మాత్రం ముట్టుకోవద్దు.

సాండ్ వెడ్జ్ 56, బౌన్స్ 10. బౌన్స్ 14 ఉన్నది ఇంకా చవగ్గా వచ్చేది, మెత్తటి ఇసుక బంకర్లో బాగానే ఉంటుంది, కానీ వేసవి నేల మీద చిప్ (పొట్టి దెబ్బ) చేస్తే ఎగిరి పడుతుంది. వెడ్జ్‌లోనూ కేవిటీ బ్యాక్ ఉంటాయి, క్లీవ్‌లాండ్ సీబీఎక్స్ అలాంటిదే. బ్లేడు ఆకారపు (వెనక తవ్వని, సన్నటి) వెడ్జ్‌లకంటే ఇవి కొత్తవాళ్లకు నయం. పాత వెడ్జ్ కొంటే ముఖం మీది గాడుల మధ్య గోరు పెట్టి గీకండి. గోరు పట్టు దొరక్కుండా జారిపోతే అది అరిగిపోయిన సరుకు.

పట్టర్‌కు మ్యాలెట్ (పెద్ద హెడ్ రకం), 34 అంగుళాలు. షాఫ్టును వేలి మీద అడ్డంగా నిలబెడితే ముఖం ఆకాశం వైపు చూసింది, అంటే ఫేస్ బ్యాలెన్స్‌డ్. పట్టర్‌ను దాదాపు సూటిగా వెనక్కీ ముందుకూ ఊపేవాళ్లకు ఇది సరిపోతుంది. చాపం గీసినట్టు ఊపేవాళ్లకు టో కిందికి వాలేది కావాలి.

పెండింగ్: డ్రైవర్

డ్రైవర్ డబ్బు ఇప్పుడు ఖర్చు చేయకపోవడానికి కారణం లాఫ్టు. లాఫ్టు తగ్గే కొద్దీ పక్కకు తిరగడం ఎక్కువవుతుంది, 18 డిగ్రీల వుడ్‌తో కుడికి పది గజాలు పోయే బంతి 9 డిగ్రీల డ్రైవర్‌తో పొదల్లో తేలుతుంది. 5 వుడ్‌ను టీ మీద పెట్టి కొడితే బంతి తగిలిన గుర్తు ముఖం మధ్య రెండు వేళ్ల వెడల్పులో పడుతున్నప్పుడు డ్రైవర్ కొనొచ్చు.

అప్పుడు వెతకాల్సింది: 460 సీసీ హెడ్ (రూల్స్ ఒప్పుకునే గరిష్ఠం అదే), 10.5 నుంచి 12 డిగ్రీలు, వెనక్కి సాగిన ఆకారం. 2018లో వచ్చిన పింగ్ జి400 మ్యాక్స్ ఈ తరహాకు మంచి ఉదాహరణ. అడ్జస్టబుల్ స్లీవ్ (లాఫ్టు మార్చుకునే వీలున్న మెడ) ఉంటే లాఫ్టు పెంచండి. పెంచినకొద్దీ ముఖం కొంచెం మూసుకుంటుంది, కుడికి పోయేవాళ్లకు రెండు విధాలా లాభం.

షాఫ్టు 45.5 అంగుళాలు ఉంటే ఒక అంగుళం కోసే ఆలోచన ఉంది. పొట్టి షాఫ్టుతో బంతి మధ్యలో తగలడం సులువు. కోత బట్ వైపే వేయాలి, టిప్ (హెడ్) వైపు కాదు. గ్రాఫైట్‌కు పైప్ కట్టర్ వాడితే నలిగి చీలుతుంది. కోసే చోట మాస్కింగ్ టేపు గట్టిగా చుట్టి సన్నపళ్ల హ్యాక్సాతో కోయాలి, ముక్కుకు మాస్క్ ఉండాలి. అంగుళం తగ్గితే స్వింగ్ వెయిట్ సుమారు ఆరు పాయింట్లు తగ్గుతుంది, హెడ్ ఉందో లేదో తెలియనంత తేలికగా అనిపిస్తుంది. హెడ్‌లో రెండు గ్రాములకు ఒక పాయింటు చొప్పున మొత్తం రాబట్టాలంటే 12 గ్రాముల లెడ్ (సీసం) టేపు కావాలి. ముందు ఆరు గ్రాములే సోల్ మీద హీల్ వైపు అంటించి కొట్టి చూసి, చాలకపోతే రెండేసి గ్రాములు కలుపుతాం. లెడ్ ముట్టుకున్న చేతులు కడుక్కునే అన్నం దగ్గర కూర్చోవాలి.